సజ్జ మీది పెట్టెలు దించుదాం

(ఇస్మాయిల్‌ఖాన్‌పేట సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో విత్తనాలు దాచే చల్లటి గదులున్నయి. జొన్న, కంది, శనగ, పల్లి... లక్షకు పైగా నమూనాలు. ఎక్కువ కాలం నిలవాల్సినవి సున్నాకు 20 డిగ్రీల కింద పెడతరు. ఒక రకం చేన్లలోంచి మాయమైనా, అక్కడి నుంచి పిడికెడు తెచ్చి మళ్లా మొలిపించొచ్చు. జొన్నగింజకు దక్కిన ఈ భాగ్యం తెలంగాణ రచయిత రాతప్రతికి దక్కలేదు. అది చెప్పడానికే మేం వచ్చినం.

తెలంగాణలో కవులే లేరన్న ఎత్తిపొడుపుకు సురవరం ప్రతాపరెడ్డి ఒక వ్యాసం రాసి ఊకోలేదు. ‘గోలకొండ పత్రిక’లో అడిగి, ఊర్ల నుంచి పద్యాలు, కవుల వివరాలు తెప్పించిండు. 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వేసి జనం ముందు పెట్టిండు. కాగితాలు కూడబెట్టుడే ఆయన చేసిన పోరాటం. ఆ సంచిక రాకుంటే అందులో ఎందరి పేర్లు మనకు మిగిలేవి?

నిజామాబాద్ జైల్లో దాశరథి బొగ్గుతోని గోడ మీద పద్యం రాసిండు. తోడుగ వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నడు. గోడ మీది రాత సున్నం కొడితే పోతది. పుస్తకానికెక్కింది గనక బతికింది. మరి ఎక్కనివాటి సంగతి?

హైదరాబాద్‌లో ఉర్దూవాళ్లు మనకంటె ముందే మేల్కొన్నరు. మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1930ల తొలినాళ్లల్లనే ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ పెట్టి రాతప్రతులు, ఉత్తరాలు జమచేయించిండు. అయితే జమచేస్తేనే సరిపోదు. 2000 ఆగస్టు వరదల్లో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని పాత ఉర్దూ పుస్తకాలు, పత్రికలు నీళ్లపాలైనయి. ఒక్క చోటనే ఉంచితే ఒక్క వానకు పోతయి.

బొమ్మల గతి ఇంకా అన్యాయం. వరంగల్ బిడ్డ చంద్ర లెక్కలేనన్ని కథలకు బొమ్మలు, పుస్తకాలకు అట్టలు వేసి 2021లో పోయిండు. మన ఉమ్మడి మెదక్ బిడ్డ, సిద్దిపేట కాపు రాజయ్య 2012లో పోయిండు. కథ అచ్చయినంక ఆర్టిస్టు గీసిన అసలు బొమ్మ ఎవరికీ పట్టదు. పత్రికల్లో పనిచేసేటోళ్లం, మాకు తెలుసు. ఆఫీసు మారేటప్పుడు సొరుగుల్లోని బొమ్మలను చిత్తుకాగితాలతోని కలిపి తూకానికి వేస్తుంటే చూసినం. అడ్డం పడలేదు. ఆ తప్పు మాది.

ఇంకొకటి అడుగుతం. 2011 సకల జనుల సమ్మెలో 42 దినాలు ఉద్యోగులు, విద్యార్థులు రోడ్డు మీదున్నరు. అప్పటి కరపత్రాలు, చేతితో రాసిన పోస్టర్లు, ధూంధాం పాటల నోటుబుక్కులు మనలో ఎందరి ఇండ్లల్లో ఉన్నయి? 2014లో రాష్ట్రం వచ్చింది. పరాయి పాలన అనే సాకు ఇగ చెల్లదు. తార్నాక రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం ఫర్మానాలకు చోటున్నది. ఊరి కవి నోటుబుక్కుకు కూడా చోటియ్యాలె అని అడుగుడు మన హక్కు.

సర్కారు కదిలేదాక చేతులు కట్టుకొని కూసోవద్దు. మీ ఇంట్ల చిరుతల రామాయణం రాసిన తాతనో, పాటలు కట్టిన పెద్దనాయననో ఉండొచ్చు. సజ్జ మీది పెట్టె దించుండ్రి. తుప్పు పిన్నులు తియ్యుండ్రి. సెల్లోటేపు వద్దు, ల్యామినేషన్ అసలే వద్దు. ఎవరు రాసిన్రు, ఎప్పుడు రాసిన్రు అన్నది వేరే కాగితం మీద పెన్సిల్‌తోని రాసి అండ్ల పెట్టుండ్రి. ఫోన్‌తోని ఫొటోలు తీసి రెండు మూడు చోట్ల దాచుండ్రి. అసలు కాగితాన్ని మాత్రం రసీదు లేకుండ ఎవరికీ ఇయ్యకుండ్రి, మాకు కూడా.

వచ్చే ఆదివారం స్కానర్ పట్టుకొని మేం మళ్లా వస్తం. కరెంటు ఉండే ఇల్లొకటి చూసిపెట్టుండ్రి. జై తెలంగాణ!