అప్పు ఎవరి చేతిలో ఉంది?

 

నా ఉద్యోగమంతా పల్లెల్లో బ్యాంకు కౌంటరు వెనక గడిచింది. కమ్యూనిజం, సోషలిజం, క్యాపిటలిజం నాకు అర్థమైంది రైతు అప్పులోనే. తెలంగాణ సాయుధ పోరాటంలో కమ్యూనిస్టులు షావుకార్ల ప్రామిసరీ నోట్లు తగలబెట్టారు, దొరల భూములు పంచారు. వెట్టిలో నలిగినవాడికి అది విముక్తే. కానీ మరుసటి ఏడు విత్తనాలకు డబ్బెక్కడ పుట్టాలి?

1969లో ప్రభుత్వం 14 బ్యాంకులను జాతీయం చేసింది. అంతకుముందు బ్యాంకులిచ్చే ప్రతి నూరు రూపాయల్లో సాగుకు చేరినవి సుమారు రెండే. జాతీయం చేశాకే నాలాంటివాళ్లను పల్లెలకు పంపారు. ఆ మేలు కళ్లారా చూశాను. కీడూ చూశాను. 1990లో పదివేల లోపు పాత బకాయిలు మాఫీ అయ్యాయి. గేదెనమ్మి అప్పు తీర్చిన ఒక పెద్దాయన నలిగిన రసీదు కౌంటరు మీద పరిచి, “కట్టినోనికేం లేదా సారూ?” అన్నాడు. ఏం చెప్పను?

తర్వాత మైక్రోఫైనాన్స్ కంపెనీలొచ్చాయి. తాకట్టు లేకుండా గుమ్మంలోనే అప్పు, వారం వారం వసూలు. ఒక కంపెనీ వాయిదాకు ఇంకో కంపెనీ దగ్గర అప్పు. అప్పు తీసుకున్నవాళ్ల ఆత్మహత్యల వార్తలొచ్చాక, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కంపెనీలను కట్టడి చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది.

ఇవాళ పట్టాలు అందుకున్న పిల్లలూ, నా బెంగ మీ వాదనల గురించే. వాట్సాప్‌లో ఒకణ్ని కమ్యూనిస్టనీ, ఇంకొకణ్ని పెట్టుబడిదారుల తొత్తనీ తిట్టేసి పడుకుంటారు. ఏం చదువయ్యా అది! కమ్యూనిజం చేరుకున్నామని సోవియట్ యూనియనే చెప్పుకోలేదు. 1957లో ఓట్లతో గెలిచిన కేరళ కమ్యూనిస్టులనూ స్టాలిన్‌నూ ఒకే గాటన కడతారా? ఆస్తి ఎవరిది, ధర ఎవరు నిర్ణయిస్తారు, నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? షావుకారైనా, సర్కారైనా, కంపెనీ అయినా ముందు ఇవి అడగండమ్మా. నాకు మార్కెట్ మీద ద్వేషం లేదు, సర్కారు మీద భక్తీ లేదు. అప్పిచ్చేవాడు ఒక్కడే మిగిలిన ఊరంటేనే భయం.

మీలో కొందరు రేపు లోన్ యాప్‌లకు కోడ్ రాస్తారు. అప్పు తీసుకున్నవాళ్ల ఫోన్‌లో కాంటాక్టుల జోలికి పోవద్దని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. వాయిదా తప్పినావిడ చుట్టాలందరికీ మెసేజ్ వెళ్లేలా రాయమని మీ మేనేజరు అడిగితే, రాయనని చెప్పండి.