చల్లారిన కొలుముల నడుమ తోటలు

ఊరికొక తోట కావలెననిన పెద్దలు మొదట చూచునవి నీరును నీడయును. చూపు తానుగ చెరువుగట్టు మీదికో మామిడితోపు మీదికో పోవును. కాని నూరేండ్లకు పైగా పొగయు మసియు క్రమ్మిన పరిశ్రమల సీమలో తోటకు తగిన తావులను వెదుకవలసివచ్చినచో దేనిని లెక్కింపవలయును? జర్మనీ దేశమందలి రూర్ సీమవారు చేసిన యట్టి లెక్కను మీకు విన్నవించెదను.

రూర్ సీమ బొగ్గునకును ఉక్కునకును పేరుగాంచినది. దాని నడుమ ఎంషర్ అను చిన్నయేరు పారి రైను నదిలో గలియును. గనులు త్రవ్వినకొలది పైనేల క్రుంగుచుండుటచే భూమిలో మురుగుగొట్టములు నిలువవయ్యెను. అందుచే 1899లో ఏర్పడిన యొక సంఘమువారు ఆ యేటినే తిన్నగా మలచి, గట్లు పోసి, పట్టణముల మురుగునంతయు దానిలోనికి విడిచిరి. ఏరు బహిరంగమైన మురుగుకాలువ యయ్యెను. తరువాత గనులు ఒక్కొక్కటిగ మూతబడెను, కొలుములు చల్లారెను, వేలకొలది కార్మికులు పని గోలుపోయిరి. మిగిలినవి త్రుప్పు, విషము కలిసిన మన్ను, మట్టిదిబ్బలు. మన సింగరేణి గనుల చెంత గుట్టలవలె పేర్చిన మట్టిని చూచినవారికి ఈ దిబ్బల రూపమును వేఱుగ చెప్పనక్కఱలేదు.

1989లో అచ్చటి రాష్ట్రప్రభుత్వము కార్ల్ గాన్జర్ అను భూగోళశాస్త్రజ్ఞుని ఆధ్వర్యమున పదేండ్ల కార్యక్రమము నారంభించెను. పదునేడు పట్టణములు ఇందు చేరినవి. పడగొట్టుటకు ముందుగా వారు ఉన్నదానిని చూచిరి. పట్టణమునకును పట్టణమునకును నడుమ పచ్చని పట్టెలు కొన్ని మిగిలియుండెను. 1920లో ఏర్పడిన ప్రాంతీయసంఘము దూరదృష్టితో కాపాడినవే యవి. దిబ్బలమీద ఎవరును నాటకయే భూర్జవృక్షములు మొలచియుండెను. దూరదేశముల ముడి ఖనిజముతో గూడ వచ్చిన విత్తనములు పట్టాల ప్రక్కన మొలకెత్తి, ఆ సీమ యెఱుగని మొక్కలై పూచుచుండెను. పాడువడిన నేల యనుకొన్నచోట ఇంత సంపద గానవచ్చెను.

ఇక మానవులు నిర్మించినవాని మాట. డూయిస్‌బుర్గు పట్టణమున మైడరిక్ అనుచోట నున్న ఇనుప కర్మాగారము 1985లో మూతబడెను. దానిని నేలమట్టము చేయుటయే మేలని కొందఱనిరి. స్థానికులు కొందఱు అడ్డుపడిరి. ఈ వాదము తేలికైనది కాదు. త్రుప్పుపట్టిన కొలిమిని నిలుపుటకు ధనము వ్యయమగును, దానిని చూచి ఎవని కడుపును నిండదు. కాని తన తండ్రియు తానును చెమటోడ్చిన చోటు ఆనవాలు లేక పోయినచో, ఆ కార్మికుడు మనుమనికి తన బ్రదుకును దేనిని చూపి చెప్పును? నాకు రెండవ పక్షమే న్యాయముగ దోచుచున్నది. పేటర్ లాట్స్ అను శిల్పి కొలుములను కూల్పకయే, రమారమి 450 ఎకరముల ఉద్యానమును తీర్చెను. అది 1994లో ప్రజలకు తెఱవబడెను. ఖనిజము నింపిన గోడలపై నేడు యువకులు ఎక్కుట నభ్యసించుచున్నారు. వాయువు నిలువచేసిన గుండ్రని తొట్టిలో నీరు నింపగా ఈతగాండ్రు మునుగుచున్నారు. అన్నింటిని నిలుపలేదు సుమా! విషము మిక్కిలిగ నంటిన భాగమును పడగొట్టిరి, చెడిన మన్నును కొంత గట్టిగోడల నడుమ మూసిపెట్టిరి.

ఈ లెక్కలలో నాకు మిక్కిలి నచ్చినది కార్మికుల యిండ్లను గూడ సంపదగ నెంచుట. ఓబర్‌హౌసెనులోని ఐజెన్‌హైమ్ వాడ 1846లో ఆరంభమైనది. 1970 తరువాత దానిని కూల్చబోగా నివాసులే పోరాడి నిలుపుకొనిరి. ఎస్సెనులోని త్సోల్‌ఫెరైను బొగ్గుగని 1986లో మూతబడెను. 2001లో దానికి ప్రపంచ వారసత్వస్థల గౌరవము లభించినది.

ఏటి సంగతి యన్నిటికంటె దీర్ఘమైనది. గనులు మూతబడి నేల కుదుటబడిన పిదపనే మురుగునకు భూగర్భమార్గము సాధ్యమయ్యెను. 1992లో పని మొదలైనది. 51 కిలోమీటర్ల పెద్దకాలువ నేలలోపల త్రవ్వబడెను. ఐదువందల కోట్ల యూరోలకు పైగా వ్యయమైనది. 2021 కడపట ఎంషరులోనికి మురుగు చేరుట నిలిచెను. ఏటిలో చేపలు మరల కానవచ్చినవి.

ఐనను క్రుంగిన నేల తిరిగి లేవదు. రూర్ సీమలో కడపటి బొగ్గుగని 2018లో మూతబడినను, పల్లమైన పేటలనుండి నీటిని తోడు యంత్రములు నేటికిని రేయింబవళ్లు నడచుచున్నవి. అవి నిలిచినచో ఇండ్లును ఈ తోటలును గూడ నీటమునుగును.