లిథియం మాత్ర, రక్త పరీక్ష
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం సభ్యురాలి ప్రసంగ పాఠం)



పొదుపులు, అప్పుల గురించి ఇందాక చెప్పారు. నేను మా చెల్లెలి మాత్ర గురించి చెప్తాను. చెప్పొచ్చా అని తననే అడిగాను. "చెప్పక్కా, నలుగురికీ తెలియాలి" అంది.

తనకి బైపోలార్ జబ్బు. కొన్నాళ్ళు నిద్రలేని హుషారు, కొన్నాళ్ళు మంచం దిగలేనంత దిగులు. డాక్టరు గారు లిథియం రాశాక మనిషి కుదుటపడింది. సంఘంలో చేరింది, గేదెను కొని అప్పు మొత్తం తీర్చింది.

అయితే ఈ మాత్ర రక్తంలో తక్కువైతే పనిచేయదు, కొంచెం ఎక్కువైతే విషం. మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా చూస్తారు. 1.5 దాటితే ప్రమాదం. ఎంత ఉందో రక్త పరీక్షలోనే తెలుస్తుంది.

పోయిన ఎండాకాలం తను ఉపాధి పనికి వెళ్ళింది. ఒళ్ళునొప్పులకి షాపులో డైక్లోఫెనాక్ కొని వారం రోజులు వేసుకుంది. లిథియం బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. చెమటతో నీళ్ళు, ఉప్పు తగ్గితే అది ఒంట్లోనే నిలిచిపోతుంది. ఆ నొప్పి మాత్రల వల్లా అంతే. చేతులు వణికాయి, వాంతులయ్యాయి, మాట ముద్దగా వచ్చింది, నడక తూలింది. మేం వడదెబ్బ అనుకుని రెండు రోజులు మజ్జిగ తాగించాం. ఆసుపత్రిలో చూస్తే 2 దాటింది. సెలైన్ ఎక్కించి బతికించారు. అంతకుముందు పరీక్ష చేయించి ఏడాది దాటింది. కూలి పోతుందని మేమే వాయిదా వేశాం.

ఇప్పుడు ఇవి పాటిస్తున్నాం:

- మాత్ర మోతాదు మార్చిన వారానికి, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు 3 నుంచి 6 నెలలకోసారి పరీక్ష. 6 నెలలకోసారి కిడ్నీ, థైరాయిడ్ కూడా.
- రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. పొద్దుటి మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే.
- డాక్టరుని అడగకుండా నొప్పి మాత్రలు వద్దు. ఉప్పు ఒక్కసారిగా మానొద్దు.
- వణుకు పెరిగినా, వాంతులు, విరేచనాలు, తూలుడు వచ్చినా మాత్ర ఆపి ఆ రోజే ఆసుపత్రికి.
- బాగున్నాం కదా అని సొంతంగా మానొద్దు, జబ్బు తిరగబెడుతుంది. గర్భం అనుకుంటే ముందే డాక్టరుకి చెప్పాలి.

ఫిట్స్‌కి ఫెనిటాయిన్, గుండె వాల్వు మార్చినవాళ్ళకి వార్ఫరిన్ వాడేవాళ్ళకీ ఇలాగే రక్త పరీక్షలు ఉంటాయి.

నా మనవి ఒక్కటే. మీ సంఘంలో ఇలాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు ఉంటే, వాళ్ళకి ఇష్టమైతే, పరీక్ష తేదీ గుర్తుచేయండి. చేతిలో డబ్బు లేకపోతే చార్జీలకి సంఘం పొదుపు నుంచి చిన్న అప్పు ఇవ్వండి. కిస్తీ తేదీ మర్చిపోని మనం ఈ తేదీనీ మర్చిపోకూడదు.

సెలవు.