‘ఐ థింక్’ తర్వాత ఏమనాలి?

శబరి నదికి దగ్గరున్న దోర్నపాల్‌లో హిందీ, గోండీ, తెలుగు మాటలు కలిసే వినిపిస్తాయి. ఇక్కడి పిల్లలకు ఇంగ్లీషు కూడా దక్కాలి. అందుకు ‘ఐ థింక్’ వాడుక చూద్దాం.

కోంటా బస్సు వస్తుందని నమ్మకముంటే ‘ఐ థింక్ ది బస్ విల్ కమ్’ అనాలి. అనుమానముంటే ‘మైట్ కమ్’. నిన్నటి అంచనా అయితే ‘ఐ థాట్ ఇట్ వుడ్ కమ్’.

అసలు చిక్కు ‘రాదు’ దగ్గరే. మనం ‘రాదనుకుంటా’ అంటాం. ఇంగ్లీషులో ‘కాదు’ అనే భావం ఎక్కువగా ‘థింక్’ అనే మాటకే అతుకుతుంది: ‘ఐ డోంట్ థింక్ ఇట్ విల్ కమ్’. ‘ఐ థింక్ ఇట్ వోంట్ కమ్’ తప్పు కాదు, వాడుక తక్కువ. ‘హోప్’ మాత్రం మన దారిలోనే నడుస్తుంది: ‘ఐ హోప్ ఇట్ వోంట్ రెయిన్’.

మాస్టార్లూ, ఈ వాక్యాలు రాయించే ముందు పిల్లల నోట పలికించండి.