ఇది కలయని కలలోనే తెలియుట



మాండూక్యోపనిషత్తు పండ్రెండే మంత్రములు గల చిన్న ఉపనిషత్తు. దానిని చెప్పుటకై మేము ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఊళ్ళలో ఒక్కొక్క సాయంకాలము కూర్చుంటిమి. జాగ్రత్తు, స్వప్నము, సుషుప్తి, తురీయము అను నాలుగింటిని వరుసగా చెప్పితిమి. సభ ముగిసిన పిమ్మట మూడు ఊళ్ళలోను ప్రశ్న స్వప్నము మీదనే వచ్చెను. ఆ ప్రశ్నలను, సమాధానములను నేడు ఒకచోట చెప్పెదము. మూడవ ప్రశ్నకు ఆనాడు మేము నిండుగా బదులీయలేదు. ఆ బాకీని కూడ నేడు తీర్చుకొందుము.

ప్రొద్దుటూరులో బంగారు అంగడిలో పనిచేయు యువకుడొకడు అడిగెను: "స్వామీ! కల వచ్చుచుండగనే ఇది కలయని తెలిసికొనవచ్చునట. అభ్యాసముచేత అది అలవడునట. మన శాస్త్రములో ఇది ఉన్నదా?"

ఉన్నదానిని ఉన్నంతవరకే చెప్పవలెను. బృహదారణ్యకము నాలుగవ అధ్యాయమున యాజ్ఞవల్క్య మహర్షి జనక మహారాజునకు స్వప్నమును గూర్చి బోధించెను. అది ఇహపరముల నడిమి సంధిస్థానము. అక్కడ రథములు లేవు, గుఱ్ఱములు లేవు, బాటలు లేవు. అన్నిటిని పురుషుడు తానే కల్పించుకొని తన వెలుగుతోనే చూచుచున్నాడని ఋషి తెలిపెను. పతంజలి మహర్షి యోగసూత్రముల సమాధిపాదమున, స్వప్ననిద్రల జ్ఞానమును ఆలంబనముగా గొనియు చిత్తము నిలుకడ చెందునని చెప్పెను. అయినను కలలో ఎఱుక తెచ్చుకొనుటకు మెట్టుమెట్టుగా ఒక పద్ధతిని ఈ గ్రంథములు విధింపలేదు. అట్టి సాధన టిబెట్టు బౌద్ధులలో నారోపుని పేర ప్రసిద్ధమైన ఆరు యోగములలో ఒకటిగా నిలిచియున్నది.

నేటి శాస్త్రజ్ఞులును దీనిని పరీక్షించిరి. కలలు మిక్కుటముగా వచ్చు నిద్రలో దేహమంతయు సడలియుండును గాని కనుగ్రుడ్లు కదలుచుండును. 1975లో ఇంగ్లండులోని హల్ నగరమున కీత్ హెర్న్ అను పరిశోధకుడు ఒకనితో, కలయని తెలిసిన క్షణమున కన్నులను ఎడమకు కుడికి త్రిప్పవలెనని ముందుగా ఒప్పందము చేసికొనెను. నిద్రలోనున్న ఆ మనుష్యుడు అట్లే సైగ చేయగా యంత్రము దానిని కాగితముపై గీచెను. కొన్ని ఏండ్లకు అమెరికాలోని స్టాన్‌ఫర్డులో స్టీఫెన్ లబర్జ్ అట్టి ఫలితమునే చూపెను. కావున ఇది కట్టుకథ కాదు.

జమ్మలమడుగులో ఒక ఉపాధ్యాయిని అడిగినది: "కొత్తగా నేర్చువారు ఎక్కడ మొదలుపెట్టవలెను?" వెనుకనున్న పిల్లలు, కలలో గండికోట లోయ మీద ఎగురవచ్చునని నవ్వుకొనిరి. మేమును నవ్వితిమి. ఎగురుట దోషము కాదు. అయితే ముందు నడక నేర్వవలెను. పాఠశాలలో మా గురువుగారు సంత చెప్పునపుడు ఒక పనస నోట నిలువనిదే మరియొక పనసకు పోనిచ్చెడివారు కారు. ఇక్కడను అంతే.

మొదటి పాఠము జ్ఞాపకము. మెలకువ రాగానే కదలక, కన్ను తెరువక, వచ్చిన కలను తుదినుండి మొదటికి తలచుకొనవలెను. పిమ్మట పుస్తకములో వ్రాసికొనవలెను. రెండు మూడు వారములు వ్రాసినచో మీ కలలలో మరల మరల వచ్చు ఇల్లు, మనుష్యులు, భయములు బయటపడును. అవియే మీకు గుర్తులు.

రెండవ పాఠము పగటి ప్రశ్న. దినమునకు పలుమారులు ఆగి, "ఇది మెలకువయా, కలయా?" అని నిజముగా విచారింపవలెను. ప్రాణాయామము చేయువారికి ఒక సులభమైన పరీక్ష కలదు. రెండు ముక్కుపుటములను వ్రేళ్ళతో మూసి, నోరు మూసి, గాలి పీల్చ యత్నింపుడు. మెలకువలో గాలి రాదు. కలలోనైతే వ్రేళ్ళు ముక్కుమీద ఉండగనే శ్వాస సాగిపోవును. అక్షరములను ఒకమారు చదివి, చూపు మరల్చి, మరల చదువుట మరియొక పరీక్ష. కలలో అవి తరచు మారిపోవును. మొక్కుబడిగా చేసినచో ఫలము లేదు. పగలు మొక్కుబడిగా చేయువాడు కలలోను అట్లే చేసి, ఇది మెలకువయే అనుకొనును.

మూడవ పాఠము సంకల్పము. కలల ఘట్టములు సుమారు 90 నిమిషముల కొకమారు వచ్చుచు, తెల్లవారుజాము దిక్కునకు దీర్ఘమగుచుండును. రాత్రి 9 గంటలకు పడుకొనువారు 2 గంటల ప్రాంతమున లేచి, అప్పటి కలను తలచుకొని, "రాబోవు కలలో ఇది కలయని గుర్తింతును" అని సంకల్పించి మరల నిద్రింపవలెను. వారమునకు ఒకటి రెండు మారులకంటె ఎక్కువ వలదు. నిద్రించువానిని తటాలున లేపరాదని పెద్దలందురని బృహదారణ్యకమే చెప్పుచున్నది. కావున గంట మ్రోత మెత్తగా ఉండవలెను. కలయని తెలిసినపుడు ఉబ్బిపోయినచో మెలకువ వచ్చును. శాంతముగా అరచేతులను రుద్దుకొని వానిని చూచుచుండినచో కల కొంతసేపు నిలుచును. నిద్ర సరిగా పట్టనివారు, మనోవ్యాధి కలవారు వైద్యుని అడుగక దీని జోలికి పోరాదు.

పులివెందులలో చీనీతోట రైతొకడు అందరును లేచిన తరువాత దగ్గరకు వచ్చెను. "స్వామీ! బోరు ఎండినట్లు, చెట్లను నేనే నరుకుచున్నట్లు ఒకే కల. లేచిన పిమ్మట తెల్లవారువరకు నిద్ర ఉండదు. ఇది నేర్చినచో ఆ కల పోవునా?" అనెను.

"నాయనా, పగటిపూట నెమ్మదిగా కూర్చుండి ఆ కలను తలచుకొని, దాని ముగింపును మార్చుము. మార్చిన కలను దినదినము కొంతసేపు మనసులో చూడుము. పీడకలలకు వైద్యులును ఈ ఉపాయము చెప్పుదురు. కలలోనే కలయని తెలిసినచో గొడ్డలిని క్రింద పెట్టవచ్చును. దానివలన బోరులో నీరు పడదు. అయితే తెల్లవారిన తరువాత ఏమి చేయవలెనో ఆలోచించుటకు నీకు నిద్ర మిగులును" అని చెప్పితిమి.

అతడు కొంచెమాగి, "మీరు దీనిని సాధించితిరా? మీకేమి దొరికినది?" అని అడిగెను. "కొంత" యని మేము లేచిపోతిమి. అదియే మా బాకీ.

మా ధర్మపత్ని గతించిన ఏట మేము ఈ అభ్యాసమును పట్టుకొంటిమి. జ్ఞానము కొరకు కాదు, ఆమెను చూచుటకు. రాత్రికి మూడు మారులు లేచెడివారము. నిద్ర చెడి, సంత చెప్పునపుడు స్వరము తప్పితిమి; పండ్రెండేండ్ల శిష్యుడు దిద్దెను. అయినను మానలేదు. మూడవ మాసమున ఒకనాటి వేకువన ఆమె పెరటిలో చేటతో బియ్యము చెరుగుచు కనబడెను. మేము ముక్కు మూసికొంటిమి. శ్వాస ఆడెను. కలయని తెలిసెను. దగ్గర కూర్చుండి, "ఎక్కడ ఉన్నావు? ఎట్లున్నావు?" అని అడిగితిమి. ఆమె తలయెత్తి, "మడి ఆరినదేమో చూడుడు" అనెను. ఏది అడిగినను మేమెరిగిన మాటలే. మేమెరుగని మాట ఒక్కటియు రాలేదు.

అప్పుడు యాజ్ఞవల్క్యుని రథములు గుర్తునకు వచ్చెను. నలువదేండ్లు ఇతరులకు చెప్పిన పాఠము ఆనాడు మాకు చెప్పబడెను. అక్కడ కూర్చున్నది ఆమె కాదు. ఆమె రూపము దాల్చిన మా ప్రేమయే. దుఃఖము పొంగి మెలకువ వచ్చినది. పెరడు పోయెను, చేట పోయెను. వానిని చూచిన ఎఱుక మాత్రము పోలేదు. ఆ ఎఱుకతోనే లేచి కాళ్ళు కడుగుకొంటిమి. ఆ దినమునుండి రాత్రులు లేచుట మానితిమి. ఆమెకు చేయవలసినది శ్రాద్ధమున శ్రద్ధగా చేయుచున్నాము.

పులివెందుల రైతునకు ఈ మాట ఆనాడే చెప్పవలసినది. కలలోనికి మేము దేనికొరకు పోతిమో అది దొరకలేదు; పోయినవాడెవడో కొంత తెలిసినది. మీరును నేర్చుకొనుడు, భయము తీర్చుకొనుడు, పిల్లలు కోరినట్లు లోయ మీద ఎగురుడు. అయితే పగటి ప్రశ్నను మాత్రము విడువకుడు. కోపము వచ్చినపుడు, ఆశ పుట్టినపుడు, ఒక్క క్షణమాగి, "దీనిని చూచుచున్నదెవరు?" అని అడుగుడు. మూడు అవస్థలలోను మారక యుండునదే తురీయమని మాండూక్యము చెప్పుచున్నది. దానికి దారి రాత్రి మొదలుకాదు, పగలే మొదలగును.

శుభమస్తు.