కత్తెర పడ్డ ఉత్తరాలు

విక్టోరియా కాలపు నవలాకారుల ఉత్తరాల గురించి మాట్లాడమన్నారు. ఈ మాట ఎత్తగానే ఎవరైనా అడిగేది ఒకటే: "డికెన్స్ సంతకం ఉందా? ఎంత పలుకుతుంది?" ఈ సంతకాల పిచ్చి చేసినంత చేటు చెదలు కూడా చేయలేదండీ.

షార్లెట్ బ్రాంటీ సంగతి వినండి. 1855 మార్చి 31న ఆమె కన్నుమూసింది. రెండేళ్లకు ఎలిజబెత్ గాస్కెల్ రాసిన జీవితచరిత్ర వచ్చింది. ఇక హావర్త్‌లో ఉన్న తండ్రికి అభిమానుల తాకిడి: మీ అమ్మాయి చేతిరాత ఒక్క ముక్కైనా పంపండి అని. పాట్రిక్ బ్రాంటీ ఎనభై ఏళ్ల మనిషి, ఆరుగురు పిల్లల్నీ మట్టికిచ్చినవాడు. కాదనలేక కూతురి ఉత్తరాల్నే కత్తిరించి పంపాడు. ఒకరికి రెండు పంక్తులు, ఇంకొకరికి మూడు. కాగితానికి రెండు పక్కలా రాత ఉంటుంది కదా, ఇటు ఒక మాట తెగింది, అటు ఇంకో మాట తెగింది. నవ్వకండి, బాబూ! నా కోపం ఆ పెద్దాయన మీద కాదు, ఆయన చేత కత్తెర పట్టించినవాళ్ల మీద.

ఇదే షార్లెట్ బ్రస్సెల్స్‌లోని తన గురువు హేజేకు రాసిన ఉత్తరాలు చూడండి. వాటిలో కొన్నిటిని ఆయన చింపి పారేస్తే, భార్య ఏరి, ముక్కలు తిరిగి కలిపింది. నాలుగు ఉత్తరాలు మిగిలాయి. 1913లో వాళ్ల పిల్లలు బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చారు. చింపిన ఉత్తరం మొత్తం చదవగలుగుతున్నాం, అభిమానంతో అడిగి పుచ్చుకున్నది చదవలేకపోతున్నాం!

టైమైపోతోందని చీటీ వచ్చింది. పాత ఉత్తరాల మీద ఉన్న అపోహల సంగతి గబగబా చెప్పేస్తాను. కవరు లేదు కాబట్టి నకిలీ అనకండి. 1840కి ముందు కాగితాల లెక్కన తపాలా ఖర్చు, కవరు పెడితే అదీ ఒక కాగితమే. అందుకే ఉత్తరాన్నే మడిచి, లక్క వేసి, పైన చిరునామా రాసేవారు. డికెన్స్ ఉత్తరం దొరకడమే గగనమన్నదీ తప్పు. అచ్చయినవే 14,000 పైచిలుకు. దొరకనివి ఆయనకు వచ్చిన ఉత్తరాలు. 1860లో గ్యాడ్స్ హిల్ ఇంటి పెరట్లో మంట పెట్టి వాటిని తగలబెట్టేశాడు. చనిపోవడానికి ముందురోజు, 1870 జూన్ 8న, మిత్రుడు చార్లెస్ కెంట్‌కు రాసిన ఉత్తరానికైతే అచ్చు నకళ్లు బోలెడు. భూతద్దం పెట్టి చూడండి: అసలు రాతలో గీత మీద గీత పడ్డచోట సిరా చిక్కబడుతుంది, అచ్చులో అంతా ఒకేలా ఉంటుంది.

ఆఖరుమాట. చేతికొచ్చిన ఉత్తరానికి లామినేషన్ చేయించకండి, సెల్లోటేపు అసలే వద్దు. ఇక అడగండి.