నిషేధం ముగిశాక బేటన్ ఎవరి చేతికి?

ఇది మాస్టారి పేరున ఏటా జరిగే స్మారకోపన్యాసం. మాస్టారు జీవితమంతా రిలే జట్లను తయారుచేస్తూ గడిపారు. ఆయన చేతి కింద పరుగు నేర్చుకున్నవాళ్ళు ఈ హాల్లోనే ఎంతోమంది కనిపిస్తున్నారు. అందుకని రిలేకు సంబంధించిన ఒక బాధాకరమైన ప్రశ్ననే ఇవాళ మీ ముందు పెడుతున్నాను. డోపింగ్‌లో దొరికి నిషేధం అనుభవించిన అమ్మాయిని జట్టు మళ్ళీ చేర్చుకోవాలా?

రిలేనే ఎందుకంటే, ఒకరి తప్పుకు మిగతావాళ్ళు ఇంతగా నష్టపోయే ఆట మరొకటి నాకు కనబడదు. 2003 క్రికెట్ ప్రపంచ కప్ మొదలయ్యే వేళకు షేన్ వార్న్ పరీక్షలో దొరికి ఇంటికి వెళ్ళిపోయాడు, ఏడాది నిషేధం పడింది. ఆస్ట్రేలియా మాత్రం కప్పు గెలిచింది, వార్న్ తిరిగొచ్చాక జట్టు అతన్ని చేర్చుకుంది కూడా. జట్టు ఆటల్లో ఒకే టోర్నీలో ఇద్దరికి మించి దొరికితేనే మొత్తం జట్టు మీద చర్య తప్పనిసరి అవుతుంది. రిలేలో ఒక్కరు చాలు, నలుగురి పతకాలూ పోతాయి. 2008 బీజింగ్‌లో జమైకా 4×100 స్వర్ణం గెలిచిన తొమ్మిదో ఏట, 2017లో, సహచరుడు నెస్టా కార్టర్ పాత శాంపిల్‌లో నిషిద్ధ మందు తేలడం వల్ల ఉసేన్ బోల్ట్ కూడా ఆ పతకాన్ని వదులుకోవలసి వచ్చింది.

ఇక మన కథ. 2010 అక్టోబరులో ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో మంజీత్ కౌర్, సినీ జోస్, అశ్విని అక్కుంజి, మందీప్ కౌర్ కామన్వెల్త్ క్రీడల 4×400 స్వర్ణం గెలిచారు. ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్నవాళ్ళెవరూ దాన్ని మరిచిపోలేరు. మరుసటి నెల గ్వాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లోనూ స్వర్ణం. అశ్విని అక్కడ 400 మీటర్ల హర్డిల్స్ కూడా గెలిచింది. పొలాల నుంచి, చిన్న ఊళ్ళ నుంచి వచ్చిన ఆడపిల్లలు దేశమంతటికీ ఇంటి పిల్లలైపోయారు.

ఏడాది తిరక్కుండానే, 2011 వేసవిలో, సినీ, అశ్విని, మందీప్, జౌనా ముర్ము, మేరీ టియానా థామస్, ప్రియాంక పన్వర్ స్టెరాయిడ్ పరీక్షల్లో దొరికారు. బంగారు నలుగురిలో ముగ్గురు ఈ జాబితాలోనే ఉన్నారు. ఉక్రెయిన్ కోచ్ యూరీ ఒగోరోద్నిక్‌ను తొలగించారు. ప్రభుత్వం జస్టిస్ ముకుల్ ముద్గల్‌తో విచారణ జరిపించింది. కోచ్ ఇచ్చిన జిన్‌సెంగ్ మాత్రల్లోనే ఏదో కలిసిందని, తెలిసి ఏమీ వేసుకోలేదని అమ్మాయిలు చెప్పుకున్నారు. మన దేశంలోని ప్యానెల్ ఆ మాటకు కొంత విలువిచ్చి ఏడాది నిషేధంతో సరిపెట్టింది. స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం 2012 జులైలో దాన్ని రెండేళ్ళు చేసింది. నోట్లో వేసుకున్న ప్రతిదానికీ క్రీడాకారిణిదే పూచీ అన్నది ప్రపంచ నియమం. లండన్ ఒలింపిక్స్ వాళ్ళు లేకుండానే జరిగాయి.

నియమం కఠినమైనదే అయినా సరైనదని నా నమ్మకం. కానీ క్యాంపు జీవితం తెలిసినవాళ్ళుగా మీరు ఒక్క క్షణం ఆలోచించండి. ఇరవై ఏళ్ళ పిల్ల. తిండి క్యాంపు మెస్‌లో, పడక హాస్టల్‌లో, ప్రాక్టీసు కోచ్ చెప్పిన వేళకు. ఆ కోచ్ ఒక మాత్ర చేతిలో పెడితే ఇదేమిటని అడిగే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? అడిగినవాళ్ళ పేరు తర్వాత ఎంపికలో ఉంటుందన్న భరోసా ఎవరిస్తారు?

2014 ఇంచియాన్ ఏషియన్ గేమ్స్ నాటికి నిషేధం ముగిసింది. ప్రియాంక పన్వర్, మందీప్ కౌర్ జట్టులోకి తిరిగొచ్చారు. టింటూ లూకా, ఎం.ఆర్. పూవమ్మతో కలిసి 3 నిమిషాల 28.68 సెకన్లలో క్రీడల రికార్డుతో స్వర్ణం తెచ్చారు. చేర్చుకోవడం న్యాయమేనని ఆనాడు చాలామంది అన్నారు, నేనూ అన్నాను. 2016లో, రియో ఒలింపిక్స్ ముంగిట్లో, ప్రియాంక మరోసారి దొరికింది. ఈసారి శిక్ష ఎనిమిదేళ్ళు. ఒకసారి దొరికినవాళ్ళను గడప తొక్కనివ్వకూడదనే వాదానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ లేదు. దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారెయ్యను.

అయితే ఆ వాదం ప్రకారం నడిచిన దేశం కూడా ఉంది. బ్రిటన్ ఒలింపిక్ సంఘం డోపింగ్‌లో దొరికినవాళ్ళకు ఒలింపిక్స్ తలుపులు జీవితాంతం మూసేసింది. 2012లో ఆ నిబంధన న్యాయస్థానం ముందు నిలవలేదు. ఒక తప్పుకు ప్రపంచ నియమావళి వేసిన శిక్షకు పైన ఇంకో శిక్ష వెయ్యకూడదన్నారు. దాంతో స్ప్రింటర్ డ్వైన్ చాంబర్స్ లండన్‌లో పరిగెత్తాడు.

ఈ చాంబర్స్ కథలోని ఒక సంఘటన దగ్గర కాసేపు ఆగాలి. 2003లో అతను టి.హెచ్.జి. అనే స్టెరాయిడ్‌తో దొరికాడు. 2002 యూరోపియన్ స్వర్ణం, 2003 ప్రపంచ పోటీల రజతం, ఈ రెండు రిలే పతకాలూ జట్టు పోగొట్టుకుంది. వాటిని పోగొట్టుకున్నవాళ్ళలో డారెన్ క్యాంప్‌బెల్ ఒకడు. నిషేధం తీరాక 2006లో గోథెన్‌బర్గ్ యూరోపియన్ పోటీల్లో ఇద్దరూ ఒకే రిలే జట్టులో పరిగెత్తి స్వర్ణం గెలిచారు. గెలిచాక జెండా పట్టుకుని స్టేడియం చుట్టూ తిరిగే విజయ యాత్రకు క్యాంప్‌బెల్ రాలేదు. జట్టు కోసం పరిగెత్తాడు, పతకం తీసుకున్నాడు, ఆ చుట్టు మాత్రం తిరగలేదు. ఆ మందు వెనక ఎవరున్నారో చాంబర్స్ పూర్తిగా బయటపెట్టాలన్నదే అతని కోరిక.

నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో సరైన ప్రశ్న వేసినవాడు క్యాంప్‌బెల్. శిక్షాకాలం తీరిందా లేదా అన్నది క్యాలెండర్ చెబుతుంది. మందు ఎవరిచ్చారు, ఎక్కడ కొన్నారు, ఇంకెవరికిచ్చారు అన్నవి చెప్పవలసింది తిరిగొచ్చే మనిషే. సాటివాళ్ళు దేన్ని నమ్మి బేటన్ అందుకోవాలి?

పోగొట్టుకున్నవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. 2017 భువనేశ్వర్ ఆసియా ఛాంపియన్‌షిప్స్‌లో 4×400 స్వర్ణం గెలిచిన జట్టులో నిర్మలా షెరాన్ ఉంది. తర్వాత ఆమె ఫలితాలు రద్దయితే ఆ రిలే స్వర్ణం కూడా చెల్లకుండా పోయింది. ఆ నష్టంలో పాలుపంచుకున్న పూవమ్మే 2021లో స్వయంగా దొరికింది. మొదట మూడు నెలలే అన్నారు, 2022లో అప్పీలు ప్యానెల్ రెండేళ్ళు చేసింది. నిషేధం ముగించుకుని ఆమె తిరిగొచ్చింది. 2024 మేలో నసావులో ఆమెతో కలిసి 3 నిమిషాల 29.35 సెకన్లలో పరిగెత్తి పారిస్ ఒలింపిక్స్‌కు అర్హత తెచ్చిన జట్టులో మన తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ ఉంది. పారిస్‌లోనూ ఇద్దరూ ఒకే జట్టు. పూవమ్మను చేర్చుకోవడం తప్పని నేను అనను, ఆమె పడవలసిన శిక్ష పడింది. జ్యోతికశ్రీ వంటి పిల్లల పతకానికి ఎవరు పూచీ అన్నదే నా ఆందోళన.

2022లో మన దేశంలో పరీక్షించిన 3,865 శాంపిళ్ళలో 125 దోషపూరితంగా తేలాయి. ఎక్కువ పరీక్షలు చేసే దేశాల్లో ఇంత ఎక్కువ శాతం ఇంకెక్కడా లేదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు డోపింగ్ అధికారులు వచ్చారని తెలియగానే పిల్లలు మాయమయ్యారు. పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరిగెత్తాడు. మరుగుదొడ్లలో సిరంజీలు దొరికాయి. అది 2010లో మనం జేజేలు కొట్టిన స్టేడియమే.

కాబట్టి నా అభిప్రాయం ఇది. నిషేధం పూర్తిగా అనుభవించి, తెలిసిందంతా జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడాకు చెప్పినవాళ్ళను చేర్చుకోవాలి. అలా చెప్పి ఇతరులను పట్టించినవాళ్ళకు శిక్ష తగ్గించే వీలు నియమావళిలోనే ఉంది. నోరు విప్పనివాళ్ళు వ్యక్తిగత పోటీల్లో పరిగెత్తవచ్చు, రిలేలో మాత్రం చోటు అడగకూడదు. జట్టు ప్రకటించే ముందు మిగతా ముగ్గురినీ విడివిడిగా, కోచ్ లేకుండా కూర్చోబెట్టి అడగాలి.

ఇంకొకటి. రెండేళ్ళ నిషేధంలో చివరి రెండు నెలలు వస్తే గానీ జట్టుతో ప్రాక్టీసు చెయ్యనివ్వరు. అంతవరకూ ఆ పిల్ల హాస్టల్ వదిలి, ఊళ్ళో ఒంటరిగా ఉంటుంది. ఫోన్ చేసేది ఎవరు? మొదట మాత్ర ఇచ్చినవాడు చేస్తాడు. డోపింగ్ నిరోధక శిక్షణకు, పునరావాస కార్యక్రమాలకు నిషేధ కాలంలోనూ అనుమతి ఉంది. ఈ హాల్లో జిల్లా సంఘాల కార్యదర్శులు ఉన్నారు, డాక్టర్లున్నారు, మాస్టారి శిష్యులైన కోచ్‌లున్నారు. మీ జిల్లాలో నిషేధంలో ఉన్న పిల్లల జాబితా తయారుచేసి, ఒక్కొక్కరి బాధ్యత ఒక్కో డాక్టరుకు అప్పగించే పని ఈ సీజన్ మొదలయ్యేలోపు పూర్తిచెయ్యమని మిమ్మల్ని కోరుతున్నాను.